దావత్‌కు గడ్డపార

సాయిలు దావత్‌కు వస్తే భుజం మీద గడ్డపార ఉండాల్సిందే. దేవరకొండ చుట్టుపక్కల ఏ ఇంట్లో యాట తెగినా, పిలిచినా పిలవకపోయినా, పొద్దుటి ఎండలో ముందు గడ్డపార మెరిసేది, వెనక సాయిలు కనబడేవాడు. కూర ఉడికిందా అని అడగడు. "కార్జం మీద నీటిబుడగలున్నయా?" అంటాడు. ఉంటే, కుక్కకు వేయబోయే ఆ ముక్కను లాక్కునిపోయి, నడుము లోతు గుంత తవ్వి పూడ్చి, పైన బండ పెట్టి, అప్పుడు తృప్తిగా విస్తరి ముందు కూర్చుంటాడు.

"మనుషులను బొందపెట్టినా గింత లోతు తవ్వరు. ఎందుకయ్యా ఇదంతా?" అనేది భార్య గోపమ్మ.

"భూమికి గూడ ఆకలైతది గదనే!"

బిడ్డ నిరోష అత్తగారింట్లో, ఆత్మకూర్‌లో దావత్ అనగానే గోపమ్మ తెగేసి చెప్పింది. "గడ్డపార తెస్తే నేను రాను. వియ్యాలోళ్ల ముంగట నా ఇజ్జత్ తియ్యకు."

"సరే, తేను."

"కుక్కలతోని కొట్లాడొద్దు."

"అవి మొదలువెట్టకుంటే నేనెందుకు కొట్లాడుత?"

ఇస్త్రీ చొక్కాతో, బోసి భుజంతో బస్సెక్కాడు సాయిలు. బరువు అలవాటైన మనిషి, దిగాక ఊరంతా ఓ పక్కకు ఒరిగే నడిచాడు.

వియ్యంకుడు జంగయ్య యాటను కోశాడు. కార్జం మీద ముత్యాలు పొదిగినట్టు నీటిబుడగలు. "గిది మనకు పనికిరాదు. పాపం, మోతి తింటది" అంటూ వాకిట్లో కుక్కకు విసిరాడు. ఆ మోతి మెడ కావలించుకుని, దాని ముక్కు మీద ముద్దు పెడుతోంది మనుమరాలు మనస్విని.

గోపమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి ఇస్త్రీ చొక్కా దుమ్ములో ఉంది. కార్జం ఒక కొస మోతి నోట్లో, రెండో కొస సాయిలు గుప్పిట్లో.

"కుక్క నోటికాడిది గుంజుకుంటున్నవేంది బావా!" అని అరిచాడు జంగయ్య.

సాయిలు మోతిని చూశాడు, జంగయ్య పక్కనున్న దుడ్డుకర్రను చూశాడు. "నాకు... పచ్చి కార్జమంటే పాణం బావా!"

వాకిలంతా నవ్వింది. అతను కార్జంతో, దొరికిన కూర గంటెతో ఇంటి వెనక్కి ఉరికాడు. గోపమ్మ వెంటబడింది.

"నా ఇజ్జత్ గంగల కలిపినవ్ గదయ్యా!"

గంటెతో నేల తవ్వుతూనే సాయిలు చెప్పాడు. "దవాఖానల నా కడుపుల నుంచి తీసిన గడ్డ యాదికున్నదా? గసొంటిదే గీ బుడగ. దీన్ని తింటే కుక్క పేగులల్ల సన్న పురుగులైతయి. వాటి గుడ్లు పెంటల వడి బొచ్చుకంటుకుంటయి. ఆన్నుంచి పిల్లల చేతులకు, నోట్లెకు, కడుపుల మల్ల గసొంటి గడ్డే. డాక్టర్ సాబ్ చెప్పిండు."

"మరి గీ ముచ్చట అందరికి చెప్పరాదు?"

"నువ్వు తల్లిగారింటికి వోయినప్పుడు మనూర్ల చెప్పిన. తెల్లారేసరికి కర్రలు వట్టుకొని కుక్కల మీద వడ్డరు. వేసింది మనం, తన్నులు వాటికి! నన్ను పిచ్చోడంటే నాకేం నొయ్యదు. వాటికి నొస్తది."

గోపమ్మ కొంగు నడుముకు చెక్కింది. తర్వాత గంటె గుంజుకుంది. "జరుగు. తవ్వుడు గూడ వస్తలేదు నీకు." గుంత పూడ్చాక పోయి మనస్విని చేతులు సబ్బుతో తోమితోమి కడిగింది.

అప్పట్నుంచి ఆత్మకూర్‌లో ఏ యాటకు బుడగలున్నా, జంగయ్య ఆ కార్జాన్ని కుక్కలకు అందకుండా దూలానికి కట్టి, ఫోన్ చేస్తాడు. "మా బావకు పాణం. ఆయన తినేదాక ఎవ్వరికీ ఇయ్య!"

మొన్న కూడా ఫోనొస్తే ఇద్దరూ బస్సెక్కారు. సాయిలు జేబులో మోతి కోసం పశువుల దవాఖానలో ఇచ్చిన పురుగుల గోలీలు. గడ్డపార మాత్రం గోపమ్మ భుజం మీద.

"దావత్‌కు గడ్డపారెందుకమ్మా?" అడిగాడు కండక్టర్.

"మా ఆయనకు ఆకలెక్కువ బిడ్డా" అంది గోపమ్మ.