‘ప’ దగ్గర దూకిన పిల్ల

గుంటూరులో ట్రైనింగు పూర్తికాగానే నాకు అద్దంకి వైపు ఒక పల్లెలో ఎలిమెంటరీ బడి టీచరుగా ఉద్యోగం వచ్చింది. యాభైల చివరి రోజులవి. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. బడికి హెడ్మాస్టరుగారూ నేనూ, ఇద్దరమే.

మిరపకోతలు మొదలయ్యాక పిల్లలు సగం మంది పొద్దున్నే చేలో కాయలు కోసి, ఆ చేతులతోనే బడికి వచ్చేవాళ్ళు. మంటకి బలపం పట్టుకోలేక, చేతులు కళ్ళకి తగిలించుకుని ఏడ్చేవాళ్ళు. ఏడ్చే పిల్లకి గుణింతం ఏం తలకెక్కుతుంది? ఇంటినుంచి ముంతెడు మజ్జిగ, కాస్త ఆముదం తెచ్చి, పాఠానికి ముందు అందరి చేతులూ నేనే కడిగి రాసేదాన్ని. హెడ్మాస్టరుగారు నవ్వి ఊరుకునేవారు.

ఆ పిల్లల్లో ఒక తొమ్మిదేళ్ళ అమ్మాయి మూడో ఏడు కూడా ఒకటో తరగతిలోనే ఉంది. తోటివాళ్ళు దాని భుజాల దాకానే వచ్చేవాళ్ళు. సిగ్గుతో వెనక గోడకి ఆనుకుని, పలక ఒళ్ళో బోర్లించుకుని కూర్చునేది. మొద్దు అని హెడ్మాస్టరుగారు ఎప్పుడో తేల్చేశారు.

ఒకరోజు వాళ్ళమ్మ చేలోంచి నేరుగా బడికి వచ్చింది.

"పంతులమ్మగారూ, దీని బుర్రలోకి చదువు ఎక్కదండీ. మాన్పించేస్తా. నాతో కోతలకన్నా వస్తది."

తల్లి ఆ మాట అంటుంటే పిల్ల తల ఎత్తలేదు. కానీ ఆ వారమే నేనొక సంగతి గమనించి ఉన్నాను. రెండో తరగతి వాళ్ళకి చదివి వినిపించిన పాఠాన్ని ఈ పిల్ల ఒక్కసారి విని, పొల్లుపోకుండా అప్పజెప్పింది. అంత జ్ఞాపకం ఉన్నది మొద్దు ఎలా అవుతుంది?

"ఉగాది దాకా నాకు వదిలెయ్యమ్మా. అప్పటికీ రాకపోతే నువ్వు తీసుకుపో," అన్నాను.

"మీ ఇష్టమండీ. మూడేళ్ళు చూశాం, ఇంకో మూణ్ణెల్లు చూద్దాం," అంటూ వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. "భయపడకుండా చెప్పు. పలక మీద నీకేం కనపడుతుంది?"

పలక అంచు గోళ్ళతో గీకుతూ కూర్చుంది. చివరికి, "అన్నీ ఒక్కలాగే ఉంటాయండీ. ఇప్పుడు చూసింది కాసేపటికి ఇంకోటి అయిపోద్దండీ," అంది. ఇన్నాళ్ళూ ఆ మాట అడిగినవాళ్ళు లేరు. చెప్పగానే భోరున ఏడ్చేసింది.

ఇలాంటి పిల్లలకి ఏం చెయ్యాలో ట్రైనింగులో నాకెవరూ నేర్పలేదు. కళ్ళు మోసం చేస్తే కాళ్ళని నమ్ముకుందామనిపించింది. బడి వెనక ఇసుక పోయించి, మంచమంత అక్షరం గీసి, దాని మీద నడవమన్నాను. వారానికి రెండే అక్షరాలు. నడుస్తూ పైకి పలకాలి. నేనూ వెనకాలే నడిచేదాన్ని.

హెడ్మాస్టరుగారు కిటికీలోంచి చూసి, "ఏందమ్మా ఇది? బడా, తొక్కుడుబిళ్ళ ఆటా?" అన్నారు. "ఈ ఏడు ఇన్‌స్పెక్షన్ అయ్యాక దాని పేరు కొట్టేస్తాను. ముందే చెబుతున్నా." అయినా ఇసుక మాత్రం తియ్యలేదు.

మూడో వారమో నాలుగో వారమో, ఆ పిల్ల నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగింది. "టీచరుగారండీ! ‘వ’కి ఆగకుండా పోవచ్చండీ. ‘ప’కి తలకట్టు విడిగా ఉంది, అక్కడ దూకాలండీ!" అని, దూకి చూపించింది. మళ్ళీ దూకింది. ఇద్దరం ఇసుకలో పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. ఆ తర్వాత వారానికి రెండన్న లెక్క పోయి, రోజుకి రెండేసి అక్షరాల కిటుకులు తనే కనిపెట్టడం మొదలుపెట్టింది. దేనికి ఎక్కడ వంగాలో, ఎక్కడ మెలిక తిరగాలో నాకే చెప్పేది.

ఉగాదికి వారం ముందు ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. హెడ్మాస్టరుగారు, పేరు కొట్టేయడానికి ఇదే అదనన్నట్టు, "ఇదేనండీ, మూడేళ్ళుగా ఒకటో తరగతి," అని పిల్లని ముందుకు నిలబెట్టారు. వాచకం ఇస్తే చదివింది, నెమ్మదిగా, తప్పులేకుండా.

"బట్టీ పట్టి ఉంటుందండీ," అన్నారు హెడ్మాస్టరుగారు.

ఇన్‌స్పెక్టరుగారు సంచిలోంచి ఆనాటి పేపరు తీసి, ఒక పెద్ద అక్షరాల వరస మీద వేలు పెట్టారు. పిల్ల ఆగిపోయింది. పావడా కింద దాని బొటనవేలు నేల మీద మెల్లగా కదలడం నాకు కనిపించింది. చిన్నగా గెంతింది.

"పంటలకు... నీరు," అంది.

"వంటలకు కాదూ?" అన్నారాయన, కావాలనే.

"కాదండీ. వంటైతే దూకక్కర్లేదండీ!" గట్టిగానే చెప్పింది. ఆ పిల్ల అంత గొంతెత్తడం బడిలో అదే మొదటిసారి.

ఆయన అర్థంకాక నావైపు చూశారు. అందర్నీ బడి వెనక్కి తీసుకెళ్ళాను. ఆయన చెప్పులు విప్పి, ఇసుకలో ‘ప’ మీద తనే నడిచి చూశారు. తలకట్టు దగ్గర దూకారు కూడా. పిల్లలు పడీ పడీ నవ్వారు. "దీన్ని రెండో తరగతిలో కాదు, మూడులో వెయ్యండి," అన్నారు హెడ్మాస్టరుగారితో. హెడ్మాస్టరుగారు రిజిస్టరు తెప్పించి, అక్కడికక్కడే తన చేత్తో రాశారు. సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చి, "నేను తొందరపడ్డానమ్మా. ఇంకా ఇద్దరున్నారు అలాంటివాళ్ళు. రేపటినుంచి వాళ్ళనీ నడిపించు," అన్నారు. అంత పెద్దాయన నా ముందు ఆ మాట అన్నందుకు, ఉద్యోగంలో చేరిన రోజుకంటే ఎక్కువ గర్వపడ్డాను.

పండగ తర్వాత వాళ్ళమ్మ వచ్చింది, వీధి చివరినుంచే అరుచుకుంటూ.

"ఏం చేశారు పంతులమ్మగారూ దీన్ని! అద్దంకి తీసకపోతే ఒక్క అడుగు ముందుకెయ్యనియ్యదే! బట్టల కొట్టు, మందుల కొట్టు, కిళ్ళీ కొట్టు, కనపడ్డ బోర్డల్లా చదవాల్సిందే. ఎండలో నిలబెట్టి నాకూ చెప్పింది. బస్సు కూడా పోయింది!"

ఫిర్యాదు చేస్తున్నట్టే చెప్పింది. మొహం మాత్రం వెలిగిపోతోంది. పిల్ల ఆమె వెనక దాక్కోలేదు. పక్కనే, తలెత్తుకుని నిలబడింది.