చేతులెత్తి నిలబడు

మా మేనత్త పని చేసేది ఎక్స్‌రే గదిలో. మిషన్ నొక్కేది ఆవిడ కాదు, దానికి టెక్నీషియన్ ఉన్నాడు. వచ్చినవాళ్ళ చేత గొలుసులు తీయించడం, గౌను తొడిగించడం, జడ నెత్తి మీదకి ముడి వేయించడం, పలక ముందు సరిగ్గా నిలబెట్టడం ఆవిడ పని. జడ ముందుకు పడి ఉంటే బొమ్మలో ఊపిరితిత్తి మీద మచ్చలా కనపడుతుంది, ఉత్తి పుణ్యానికి ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. "పీల్చు, పట్టు, ఊగకు" అని రోజంతా అరుస్తుంది కాబట్టి సెంటరంతా ఆవిడని ఊపిరత్త అంటారు. ముందు కౌంటర్లో కూర్చునేది నేను. ఆ అరుపు గోడ దాటి నాకు వినిపిస్తూనే ఉంటుంది.

పాపం, ఎంత సేవ చేస్తోందో అనుకుంటారు అందరూ. వాళ్ళ మొహం. మా అత్త ఆ గదిలో చేరింది పగతో.

మామయ్య కలప మిల్లులో దుంగలు కోసేవాడు. దగ్గు పట్టుకుని వదల్లేదు. డాక్టరు ఛాతీకి రెండు ఎక్స్‌రేలు రాశారు, ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి. మిల్లు సూపర్‌వైజర్ తన వ్యానులోనే తీసుకెళ్ళాడు, అదేదో మహోపకారం అన్నట్టు. మొదటిది అయ్యాక, "ఉన్నది ఒక్క ఛాతీయే కదా, రెండు బొమ్మలెందుకు? షిఫ్టు మొదలైపోతోంది, పద" అని బయటికి లాక్కొచ్చాడు. ఆ ఒక్క బొమ్మలో ఏమీ కనపడలేదు. మర్నాడు రంపాల మోత ఆపించి మరీ, అందరి ముందూ "వీడికి రోగమూ లేదు, రొష్టూ లేదు. పనిదొంగ" అన్నాడు.

ఎదురుగా తీసిన బొమ్మలో గుండె అడ్డం వస్తుంది. దాని వెనక ఉన్న ఊపిరితిత్తి భాగం సరిగ్గా కనపడదు. మనిషిని పక్కకి తిప్పి తీస్తే ఆ చాటు బయటపడుతుంది. వీధిలో నిలబడి చూస్తే పెరట్లో ఎవరున్నారో తెలుస్తుందా? ఇదీ అంతే. అందరికీ రెండోది అక్కర్లేదు, ఎవరికి కావాలో డాక్టరు చెబుతారు. ఆయన రాసినదాన్ని కొట్టేయడానికి వీడెవడు? మామయ్యకి గడ్డ సరిగ్గా ఆ గుండె చాటునే ఉంది. మళ్ళీ పక్క నుంచి తీసేసరికి చేయి దాటిపోయింది.

మంచాన పడ్డాక మామయ్య నొప్పి గురించి మాట్లాడలేదు. "నేను పనిదొంగనా?" అని వచ్చినవాళ్ళనల్లా అడిగేవాడు. అదే మాట అడుగుతూ పోయాడు. అత్తకి అది గుండెల్లో గుచ్చుకుని ఉండిపోయింది. "వాడూ ఎప్పుడో ఒకప్పుడు దగ్గక మానడు. దగ్గితే ఇక్కడికే రావాలి" అని ఈ ఉద్యోగంలో చేరింది. మా చుట్టుపక్కల ఎక్స్‌రే తీసేది ఇక్కడే మరి.

వచ్చాడు. జుట్టు నెరిసింది, నడుం వంగింది, నోరు మాత్రం అలాగే ఉంది. చీటీ అందుకుంటూనే మనిషిని గుర్తుపట్టాను. డాక్టరు రెండు ఎక్స్‌రేలూ రాశారు. వాడు అత్తని గుర్తుపట్టలేదు. పనివాళ్ళ పెళ్ళాల మొహాలు వాడు ఎప్పుడైనా చూస్తేగా! నేను కౌంటర్ వదిలేసి గుమ్మంలో నిలబడిపోయాను.

"గడ్డం పైకి పెట్టండి. ఛాతీ పలకకి ఆనించండి. భుజాలు ముందుకి. పీల్చండి... పట్టండి."

మొదటిది అయింది. వాడు వెంటనే చొక్కా అందుకున్నాడు. "చాలమ్మా, రెండోది వద్దు. చేతులు పైకెత్తి నిలబడటం నా వల్ల కాదు. అవతల పనుంది."

ఆ క్షణంలో నేనైతే తలుపు తీసి సాగనంపేదాన్ని. నీ నోటితో నువ్వే వద్దన్నావు, నీ చావు నువ్వు చావు అనుకునేదాన్ని. అత్త ఊరుకుంటే చాలు, పగ దానంతటదే తీరిపోతుంది. అత్త తలుపు వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత వెళ్ళి వాడి చేతిలోని చొక్కా లాక్కుంది.

"ఎడం పక్క పలకకి ఆనించు. చేతులెత్తి నిలబడు."

"నొప్పిగా ఉందంటుంటే..."

"పనిదొంగలా ఆ వాలడం ఏంటి? ఎత్తు!"

టెక్నీషియన్ బిత్తరపోయాడు. సూపర్‌వైజర్ మాత్రం నోరు మూసుకుని చేతులెత్తాడు.

ఎందుకు వదల్లేదని ఆ తర్వాత అత్తని గుసగుసగా అడిగాను. "వాడికి రోగం ఉందన్న మాట వాడు చెవులారా వినాలి. అప్పుడు నేను వాడి మొహం చూడాలి. ఏమీ తెలీకుండా హాయిగా పోతే నాకేం మిగిలింది?" అంది. అదీ మా అత్త.

డాక్టరు రెండు బొమ్మలూ చూశారు. ఏమీ లేదన్నారు. ఉత్త పొడి దగ్గట, సీసా మందు రాసి పంపించారు. అత్త మొహం మాడిపోయింది. వాడైనా తిన్నగా పోయాడా? ఎక్స్‌రే గది దాకా వచ్చి, "చూశావా, ఏం లేదు. ఊరికే నా రెక్కలు పీకేలా చేశావు" అన్నాడు.

"రెండు వైపులా చూసి నీకు ఏం లేదన్నారు," అంది అత్త. "మా ఆయన్ని ఒక్కవైపే చూడనిచ్చి, ఏం లేదని నువ్వే తేల్చేశావు. గుండె వెనక గడ్డ ఉంది. ఆయన పోయాడు. అందరి ముందూ నీ చేత పనిదొంగ అనిపించుకుని పోయాడు."

వాడు అత్త మొహంలోకి చూసి, "ఎవరమ్మా మీ ఆయన?" అన్నాడు.

బుకాయించడం కాదు. నిజంగానే తెలీదు. "అలా చాలామందిని మధ్యలోనే లాక్కెళ్ళి ఆ మాట అన్నానమ్మా" అన్నాడు మెల్లగా.

అత్త చెంప పగలగొడుతుందనుకున్నాను. "గుర్తు తెచ్చుకో" అని మాత్రం అని తలుపేసుకుంది. ఇంటికెళ్ళాక, "ఆయన ఎవరో కూడా గుర్తులేదటే" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

కొన్నాళ్ళకి వాడు మళ్ళీ వచ్చాడు. "దుంగలు దింపేవాడు, పొడుగాటి మనిషి. ఆయనేనా?"

"కాదు. ఆయన్నీ అన్నావా? ఇంకా ఉన్నాడా?"

"తెలీదమ్మా. దగ్గుతూనే పని మానేశాడు, పోయాడేమో అనుకున్నా."

"అయితే వెతికి డాక్టరు దగ్గరికి తీసుకురా. తేకపోయావో, మిల్లు గేటు ముందు నిలబడి నీ పరువు తీస్తా."

తెచ్చాడు. మళ్ళీ ఇంకో మనిషి ఆనవాలు చెప్పాడు, ఆయనా కాదు. ఇంకొకరు. ఆయనా కాదు. వాడు తప్పు చెప్పినప్పుడల్లా ఒక మిల్లు మనిషి వెళ్ళి డాక్టరు ముందు కూర్చుంటున్నాడు. రెండు ఎక్స్‌రేలు రాసినవాళ్ళకి అత్త దగ్గరుండి రెండూ తీయిస్తోంది. ఆ పొడుగాయనకి గుండె చాటున చిన్న మచ్చ బయటపడింది. తొందరగా దొరికింది, మందులతో తగ్గిపోతుందన్నారు. ఇంతా చేసి మామయ్య ఎవరో వాడికి మిల్లులో ఒక్కరూ చెప్పలేదు, వాళ్ళూ ఆ మాట పడ్డవాళ్ళే కదా. నన్నూ బతిమాలాడు. నా నోట ముత్యాలు రాలలేదు.

నిన్న చిక్కి సగమై వచ్చాడు. నిద్ర పట్టడం లేదట. "తల్లీ, ఆయన పేరు చెప్పు. గేటు దగ్గర అందరి ముందూ తప్పయిందని ఒప్పుకుంటాను."

అబద్ధమెందుకు, నా మనసు కరిగింది. మామయ్య మీద పడ్డ నింద పోతుంది కదా, చెప్పెయ్ అత్తా అనబోయాను.

"పేరు చెబితే ఆయనొక్కడికే దండం పెట్టి, ఇంటికెళ్ళి గుర్రుపెట్టి నిద్రపోతావు," అంది అత్త. "చెప్పను. నువ్వు ఆ మాట అన్నవాళ్ళందర్నీ తలుచుకో. ఉన్నవాళ్ళ దగ్గరికెళ్ళి తప్పయిందని చెప్పు. పోయినవాళ్ళ ఇళ్ళకెళ్ళి, వాళ్ళ పెళ్ళాం బిడ్డల ముందు నిలబడి చెప్పు. ఆ ఇళ్ళలో ఒకటి మాది."