బుడగంటే పడని హనుమన్న

మా కోడుమూరు బజారులో బండ్లకు స్టిక్కర్లు అతికించే హనుమన్నకు బుడగ కనిపిస్తే చాలు, ఒళ్ళు మండిపోతుంది. స్టిక్కర్ కింద గాలి బుడగ ఒక్కటి నిలిచిందా, ఆటో తెచ్చినవాణ్ణి, ఎండని, ఆ స్టిక్కర్ చేసినవాడి ఏడు తరాల్ని కలిపి తిడతాడు. ఇంట్లో పూరీ పొంగినా సూదితో పొడిచిగానీ తినడు. ఆ సూది ఎప్పుడూ జేబులోనే. పక్కన కిరాణాకొట్టు నాదే కాబట్టి, పదేళ్ళుగా ఆ తిట్లు నాకు ఉచితం.

2006 ఎండాకాలంలో ఓ సోమవారం హులిగెమ్మ చేపలు పట్టే తన ఫైబర్ పడవను ట్రాక్టర్ మీద వేసుకొచ్చింది. గాజులదిన్నె డ్యామ్ నీళ్ళలో దిగాలంటే శుక్రవారం చేపల సంఘంవాళ్ళు పడవ చూసి సరే అనాలి. కాదన్నారా, ఆ ఏడాదంతా ఆమె వల దండెం మీదే.

"పాతదని తోసేస్తారేమో అన్నా. అంతా నీలం స్టిక్కర్ కప్పెయ్. కొత్తదాని మాదిరి కనపడాల."

"ఈ పాచేంది? పడవ తెచ్చినావా, బర్రెగొడ్డును తెచ్చినావా?"

తిడుతూనే కడిగాడు. సబ్బునీళ్ళు చల్లి స్టిక్కర్ పరిచి, ప్లాస్టిక్ ముక్కతో రుద్దాడు. అద్దంలా అంటుకుంది, అడుగున ఒక్క బుడగ తప్ప. సూదితో పొడిచాడు. గంటకు మళ్ళీ లేచింది. మొత్తం పీకేశాడు. మంగళవారం మళ్ళీ వేశాడు. మళ్ళీ అక్కడే బుడగ!

బుధవారం హులిగెమ్మ కొంగు బిగించి వచ్చింది.

"ఒక్క బుడగకు మూడు దినాలా? నీ చేతులు పడిపోను! ఇయ్యి నా పడవ!"

"ఇయ్యను! ఈ బుడగతో పంపితే నా మొగాన ఉమ్ముతారు! పోమ్మా, శుక్రవారం రా!"

ఈ గొడవను నేను గూడూరు దాకా మోసేశాను. నా ధర్మం అది.

గురువారం మధ్యాహ్నం ఆయన షెడ్డు రేకుల సందులోంచి తొంగిచూశాను. హనుమన్న పడవలో బోర్లా పడుకుని, వేలెడు పొడవు పగులు మీద ఫైబర్ గుడ్డ, జిగురు అతికిస్తున్నాడు. బుడగకు గాలి వచ్చేది అందులోంచే!

"పగులుందని ఆ యమ్మకు చెప్పొచ్చు కదప్పా?"

"బజార్లో చెప్తే నీకినపడదా? నీకినపడితే సంఘానికి సాయంత్రానికే పోదా? నోరిప్పినావంటే దానికే స్టిక్కరేస్తా, సెట్టీ!"

శుక్రవారం డ్యామ్ గట్టుకు హనుమన్నతో నేనూ పోయాను. సంఘం పెద్ద తిమ్మయ్య, మూడు బియ్యం మూటల బరువున్న మనిషి, పడవను నీళ్ళలోకి దింపించి అరగంట అందులో కూర్చున్నాడు. చుక్క నీరు రాలేదు. "దిగొచ్చుపో" అన్నాడు.

హులిగెమ్మ వంగి చూసింది. "అడుగున ఈ కొత్త అతుకేంది సెట్టీ? ఎవురేసినారు?"

నా బుగ్గలు పూరీల్లా పొంగాయి. హనుమన్న చెయ్యి మెల్లగా జేబులోకి పోయింది. సూది తళుక్కుమంది.

"ఏమోనమ్మా..." అన్నాను.

ఆమె సూదిని చూసింది, హనుమన్నను చూసింది. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"బుడగొక్కటి కూడా లేదులే అన్నా!"

"ఉంటే ఊరుకుంటానా? ఏం చూస్తాండావు, దిగు నీళ్ళలోకి!" అని అరిచాడు.

నా బుగ్గల్లో గాలి మాత్రం సాయంత్రం కాకముందే కోడుమూరంతా వీచింది.