నేరేడు బీరు, పాలవాళ్ల నాలుక

సాహసం, త్యాగం, ఎర్రగా పారిన కాలువ, ఒక స్నేహితుడి భవిష్యత్తు ఉన్న మహాగాథ ఒకటి చెప్పబోతున్నాను. నిజానికి కాలువంటే నీళ్లు పోయే నేలమీది జాలీ. సాహసమంటే నల్లా తిప్పడం. గాథ మొత్తం పది నిమిషాల్లో ముగిసింది. స్నేహితుడి భవిష్యత్తు ఒక్కటే అబద్ధం కాదు. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం సయించదు. రెండో ముద్ద నుంచి సయిస్తుంది.

మాది మాదన్నపేట. ఇంట్లో తొమ్మిది బర్రెలు, ఒక బాపు. మేం పాలు పోసే కేంద్రంలో మూత తీసి వాసన చూస్తారు. పులుపు తగిలితే క్యాను మీద చాక్‌పీసుతో ఇంగ్లిషులో 'సోర్' అని రాసి వెనక్కి పంపిస్తారు. నాకు వచ్చిన మొదటి ఇంగ్లిషు మాట అదే. అలాంటి క్యాను ఇంటికొస్తే, గల్లీలో ఎవరూ చూడకముందే పారబోయించి, వేడినీళ్లతో కడిగించేవాడు బాపు. మా ఇంటి పరువు అలా క్యాన్లలో ఉండేది.

నా దోస్తు జాన్సన్‌ది దబీర్‌పురా. మూసీ అవతల, బీరు అక్కడే తయారుచేసి అమ్మే ఒక హోటల్లో రెండేళ్లుగా డ్రమ్ములు కడుగుతున్నాడు. ఓనరు మేడమ్ వాడికో అవకాశమిచ్చింది. ఒక చిన్న డ్రమ్ము బీరు సొంతంగా చేసి చూపించాలి. నచ్చితే అది మెనూలోకి, జాన్సన్ తయారీలోకి. వాడు నేరేడు పళ్లతో చేస్తానన్నాడు. మాదన్నపేట మార్కెట్లో ఆ పళ్లు ఏరింది నేనే. గంపకు నాలుగు నోట్లో వేసుకుని మరీ ఏరాను. అన్నీ తియ్యనివే.

మూడు వారాల తర్వాత, మేడమ్ రుచి చూసే మధ్యాహ్నం, నన్నూ రమ్మన్నాడు. "మేడమ్‌ను తీస్కొస్త. నువ్వు జర చూస్తుండు" అని డ్రమ్ము నాకప్పగించి వెళ్లాడు. కాపలా ఉండమని వాడి ఉద్దేశం. నేను రుచి చూడమన్నాడనుకున్నాను.

అరగ్లాసు పట్టాను. రంగు చూస్తే పెళ్లిచీరలా ఉంది. గుక్క వేశానో లేదో, ఒక కన్ను దానంతటదే మూసుకుంది, చెవులు వెనక్కి జరిగాయి. తియ్యటి పళ్లు ఇంత పుల్లగా ఎలా అయ్యాయి? అయినా దోస్తు కష్టం కదా, తొందరపడకూడదని డ్రమ్ము చుట్టూ తిరిగి చూశాను. వెనకవైపు చాక్‌పీసుతో రాసి ఉంది: సోర్.

ఇంక అనుమానం దేనికి? ఎవరో అప్పటికే పరీక్షించి ఫెయిల్ చేశారు, పాపం జాన్సన్ చూసుకోలేదు. మేడమ్ ఏ క్షణమైనా రావచ్చు. నేను మా బాపు కొడుకుగా చేయాల్సిందే చేశాను. నల్లా తిప్పేశాను. ఇరవై లీటర్లు జాలీలోకి పోయాయి. వేడినీళ్ల పైపు పెట్టి మూడుసార్లు కడిగాను. నా స్నేహానికి నాకే కళ్లు చెమర్చాయి. ఆవిరి వల్ల కూడా కావచ్చు.

వాళ్లొచ్చారు. జాన్సన్ గర్వంగా డ్రమ్మును తట్టాడు. టంగుమంది.

"ఏంది మల్లేశ్, ఖాళీ సప్పుడొస్తుంది?"

వాడి చెవిలో చెప్పాను. "ఫికర్ చెయ్యకు. వెన్క సోర్ అని రాసున్నది. పులిసింది, పారబోసిన. ఎవ్వరికి తెల్వది."

"సోర్ అంటే ఆ రకం బీరు పేరు రా," అన్నాడు మెల్లగా. "పుల్లగుండాల్ననే మూడు వారాలు పులవెట్టిన."

ఈలోగా మేడమ్ బల్ల మీది నా ఎంగిలి గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగింది. వద్దనేలోపే ఇంకో గుక్కలో గ్లాసు ఖాళీ.

"మస్తుంది జాన్సన్. మెనూల పెడ్దాం. ఇంకొంచెం పొయ్యి."

ప్రపంచంలో మిగిలిన నేరేడు బీరంతా అప్పటికే ఆమె కడుపులో ఉంది.

జాన్సన్ నావైపు వేలు చూపిస్తాడనుకున్నాను. వాడు జాలీ వైపు చూసి, "నల్లా సరిగ్గ బిగియ్యలే మేడమ్, నాదే తప్పు" అన్నాడు. నల్లా బిగించడం రానివాడికి తయారీ ఎలా అప్పగిస్తానని ఆమె అడిగింది. మళ్లీ చేసి తెస్తే అప్పుడు చూద్దామంది.

ఆమె వెళ్లాక వాడు మూత తీసి లోపలికి తొంగిచూశాడు. "డ్రమ్ము మాత్రం నాకన్నా మంచిగ కడిగినవ్" అన్నాడు. నన్ను తిట్టింది అంతే. నాలుగు తన్నినా బాగుండేది.

అందుకని తొమ్మిది బర్రెల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఈ నాలుకతో నేను తీర్పు చెప్పను, పరాయి నల్లా ముట్టను, చాక్‌పీసు రాతను నమ్మను.

మర్నాడు పొద్దున్నే మార్కెట్‌కు పరుగెత్తాను, నేరేడు గంప ఒక్కటీ లేదు. నేరేడు పళ్లు ఏడాదికి ఒక్కసారే వస్తాయి.