ప్లగ్గు పీకిన కంప్యూటర్‌లో నా డైలాగులు

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. నా నోట్లో పడ్డ బల్లి మొసలై బయటికొస్తుంది. ఇందులోనూ ఒక అబద్ధం ఉంది. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను. దెయ్యాలంటారా, వాటినెన్నడూ నమ్మలేదు. కోడంబాక్కంలో కూర్చుని తమిళ సీరియళ్లకి తెలుగు మాటలు రాసేవాణ్ణి. దెయ్యాలకి డైలాగులు ఇచ్చిందే నేను, అవి నన్నేం భయపెడతాయి?

మా డబ్బింగ్ స్టూడియోలో పెదవుల కదలికకి మాటలు సరిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఎంత పాతదంటే, పురావస్తుశాఖవాళ్లు వచ్చి దణ్ణం పెట్టుకుని వెళ్లారు. కొత్త కంప్యూటర్లు దాన్ని గడప తొక్కనివ్వవు. అందుకని కొత్త కంప్యూటర్ కడుపులోనే ఒక పాత కంప్యూటర్ ఉన్నట్టు ఏర్పాటు చేశారు. దాన్నే వర్చువల్ మెషీన్ అంటారు.

మొన్న ఆయుధపూజకి స్టూడియో సెలవు. ఆ సాయంత్రంలోగా ఎపిసోడ్ అందకపోతే సీరియల్ వేరే రచయితకి ఇచ్చేస్తామన్నారు ఛానల్‌వాళ్లు. ఇంటి నుంచే ఆ మెషీన్‌లోకి వెళ్లి రాయడమొక్కటే దారి.

ముందురోజు దాని నెట్‌వర్క్ సెట్టింగులు పట్టుకున్నాను. వర్చువల్ మెషీన్ మామూలుగా న్యాట్ అనే పరదా చాటున ఉంటుంది. అది బయటికి చూడగలదు, బయటివాళ్లకి అది కనపడదు. ఆ పరదా తీసి, బ్రిడ్జ్‌డ్ అనే పద్ధతికి మార్చి, దానికో సొంత అడ్రస్ ఇచ్చి, ఫైర్‌వాల్‌లో దారి వదిలాను. అంతా ఒంటిచేత్తో. రెండో చేతిలో బజ్జీ ఉంది.

మేనేజర్ రాజేశ్వరక్కకి మిషను ఆపొద్దని మరీ మరీ చెప్పి వచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో లాప్‌టాప్ తెరిచి అడ్రస్ కొట్టాను. స్టూడియో తెర వచ్చేసింది. అత్తగారు పాయసంలో విషం కలిపే సీను. ఎదురుగా కూర్చున్నప్పుడు కూడా ఆ మెషీన్ అంత చురుగ్గా పనిచేయలేదు. రాసి, సేవ్ చేసి, ఛానల్‌కి పంపాను. సీరియల్ దక్కింది.

ఆ ఊపులో అక్కకి ఫోన్ చేశాను.

"పనైపోయిందక్కా. ఇక మిషను ఆపేయొచ్చు."

"ఏంది సార్ ఆపేది? నిన్ననే ప్లగ్గు పీకేస్తి గదా."

"ఆపొద్దన్నాను కదక్కా!"

"మీరు చెప్తిరి, నేను సరే అంటి. పూజలో పెట్టిన మిషన్ని ఎవురన్నా ముట్టుకుంటారా? అయ్యో కడవుళే! బొట్టు పెట్టి, పూలు చుట్టి, రూముకి తాళమేసినా. తాళంచెవి ఈడ నా నడుంకాడ ఉండాది. సుమ్మా తమాషా చేయొద్దండి, పోయి బొరుగులు తినండి."

విజయదశమినాడు అక్క తాళం తీస్తే నేనే చూశాను. ప్లగ్గు గోడ పక్కన వేలాడుతోంది. కీబోర్డు మీద ఎండిన చందనం బొట్లు ఒక్కటీ చెదరలేదు. మిషను ఆన్ చేస్తే నా ఫైలు అందులో ఉంది, పూజనాటి తేదీతో, విషం సీనుతో సహా.

ఫైలు నా లాప్‌టాప్‌లో తయారై ఉంటుందన్నాడొక కంప్యూటర్ మిత్రుడు. నా లాప్‌టాప్‌లో ఆ సాఫ్ట్‌వేరే లేదు.

ఇక అబద్ధం సంగతి. పురావస్తుశాఖ ఉత్త అతిశయోక్తి, లెక్కలోకి రాదు. సెట్టింగులు సరిచేశానన్నదే అబద్ధం. బ్రిడ్జ్‌డ్‌కి మార్చగానే ఉన్న కనెక్షన్ కూడా పోయింది. హడలిపోయి మళ్లీ న్యాట్‌కే తిప్పేశాను. పూజకి గది కడగాలని అక్క కేకలేస్తుంటే, పరువు పోతుందని "అయిపోయింది" అనేసి వచ్చేశాను. మర్నాడు వేరే దారిలేక నేను కొట్టింది, దానికి ఇద్దామనుకుని ఇవ్వకుండా వచ్చేసిన అడ్రస్.

ఆ మెషీన్ ఇవాళ్టికీ పరదా చాటునే ఉంది. ఆ అడ్రస్‌లో నాకు తలుపు తీసిందెవరో మాత్రం తెలియదు.