బంతి ఎవరికి ఎత్తాలో ఊరు చెప్పింది

వాలీబాల్‌లో లిఫ్టర్ పేరు పేపర్లో రాదు. స్మాష్ కొట్టిన పిల్ల ఫొటో వేస్తారు. ఆ బంతిని సరిగ్గా ఆమె చేతికి అందేలా గాలిలోకి ఎత్తిపెట్టిన పిల్ల ఆ ఫొటో అంచున సగం మోచేయిగా మిగిలిపోతుంది. అందుకే క్రీస్తుదాసు కూతురు నిస్సీ ఆట గురించి మీరు విని ఉండరు. మా వైపు వాళ్ళు విన్నది కూడా ఆమె మీద పడిన నింద గురించే. ఆ నింద వేసినవాళ్ళ మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకోవాలని ప్రయత్నించనూ లేదు.

వాళ్ళది కొల్లేటి ఒడ్డున తుంగలంక. ఊరంతటికీ కలిపి ఒకటే చేపల చెరువు. పట్టుబడి రోజున మగవాళ్ళంతా కలిసి వల లాగుతారు. ఆడవాళ్ళు గట్టు మీద పరిచిన టార్పాలిన్ చుట్టూ కూర్చుని చేపల్ని వేరు చేస్తారు. శీలావతి ఒక ట్రేలోకి, బొచ్చె ఇంకో ట్రేలోకి. చేతికి తగలగానే ఏ చేపో తెలిసిపోతుంది, తల తిప్పకుండానే వెనకాల ట్రేలోకి వేసేస్తారు. నిస్సీ సెలవు రోజుల్లో తల్లి సూరమ్మ పక్కన కూర్చుని ఈ పని చేస్తూ పెరిగింది. క్రిస్మస్‌కి చర్చి ముందు మగపిల్లలు నెట్టు కట్టి ఆడుతుంటే బయటికి దొర్లిన బంతిని కూడా అలాగే, ఎటో చూస్తూ, అడిగినవాడి చేతుల్లోకి వేసేది.

ఏలూరులో డిగ్రీలో చేరాక జట్టు ఎంపికకి వెళ్ళింది. కాలేజీలో ఆటలు చూసే మాస్టారు శ్రీరంగనాయకులు గారు ఆమె ఎత్తు చూసి పెదవి విరిచారు.

"నెట్టు పై అంచు కనిపిస్తుందామ్మా నీకు?"

"బంతి కనిపిస్తే చాలు కదండీ."

ఆ జవాబుకి నవ్వి జట్టులోకి తీసుకున్నారు గానీ ఆ ఏడాదంతా బెంచీ మీదే కూర్చోబెట్టారు. మరుసటి ఏడు తణుకులో జరిగిన మ్యాచ్‌లో పెద్ద లిఫ్టర్ శాలినికి మడమ మెలికపడింది. వేరే దారిలేక నిస్సీని దింపారు. అవతలి జట్టు పిల్లలకి దిక్కు తోచలేదు. ఈమె ముందుకి చూస్తుంది, బంతి వెనక్కి పోతుంది. అక్కడ తేజస్వి అప్పటికే గాల్లో ఉంటుంది. తేజస్వి పొడగరి, జట్టులో అందరికంటే గట్టిగా కొట్టే పిల్ల. ఆ రోజు నుంచి లిఫ్టర్ అంటే నిస్సీయే.

తేజస్విది తుంగలంక చెరువుకి అవతలి గట్టునున్న ఊరు. చిక్కు అక్కడే వచ్చింది.

వానాకాలం వరదకి రెండూళ్ళ చెరువుల మధ్య గట్టు తెగింది. తుంగలంక చేపలు అవతలి చెరువులోకి పోయాయి. గట్టు మీరు కొట్టారంటే మీరే కొట్టారని తగువు. చివరికి తుంగలంక పెద్దలు కట్టుబాటు పెట్టారు: అవతలి ఊరివాళ్ళతో మాట లేదు, చేతి నుంచి చేతికి ఏదీ పోకూడదు, మంచినీళ్ళైనా సరే. మీరినవాళ్ళ ఇంటి మగవాణ్ణి ఊరి వల మీద చెయ్యి వెయ్యనివ్వరు. కట్టుబాట్లు ఒకప్పుడు ఈ ఊళ్ళని నిలబెట్టి ఉండొచ్చు, కాదనను. కానీ వాటిని ఎక్కడిదాకా లాగుతారు?

తాడేపల్లిగూడెంలో కాలేజీల పోటీల్లో మన పిల్లలు సెమీఫైనల్ గెలిచారు. ఎవరో తీసిన వీడియో తుంగలంక వాట్సాప్ గ్రూపులోకి చేరింది. ఊరి పెద్ద జ్ఞానయ్య క్రీస్తుదాసుని పిలిపించాడు.

"ఏంట్రా దాసూ? నీ కూతురు మాటిమాటికీ ఆ ఊరి పిల్లకే బంతి అందిస్తోంది!"

"ఆటండీ అది. దాని పని అదేనండీ."

"మంచినీళ్ళే ఇవ్వొద్దంటే బంతి ఇస్తారా? పైగా అరచేతులు చరుచుకోవడం!"

"ఆట మానమనమంటారా అండీ?"

"నేనన్నానా మానమని? ఊరి పిల్ల గెలిస్తే పేరు ఊరికే గదా. ఆడమను. ఇంకా నలుగురున్నారుగా, వాళ్ళకివ్వమను."

గెలుపు ఊరికి కావాలి. గెలిపించే దారి మాత్రం ఊరు మూసేస్తుంది. ఈ తీర్పు చెప్పింది జన్మలో బంతి ముట్టని మనిషి. చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఒక్కడు కూడా నవ్వలేదు. అదీ నా బాధ.

క్రీస్తుదాసు ఫోన్లో ఆ మాట చెప్పి, "నీ ఇష్టమమ్మా" అన్నాడట. నాన్న గొంతు విన్నాక ఇష్టమెక్కడుంది? ఆ పిల్ల మాస్టారి దగ్గరికి పోయింది.

"ఊళ్ళ గొడవల్లో మనమెందుకమ్మా?" అన్నారాయన. "పెద్దలు చెప్పినట్టు కానిచ్చెయ్. ఇబ్బందైతే చెప్పు, శాలిని మడమ తగ్గింది, దింపేద్దాం."

చదువుకున్నాయన. పిల్లల్ని ఒక జట్టుగా కట్టడమే తన ఉద్యోగం. జ్ఞానయ్యనైనా క్షమిస్తానేమో గానీ ఈయన్ని క్షమించడం నా వల్ల కాదు.

ఫైనల్ చూడడానికి నేనూ వెళ్ళాను. తుంగలంక పెద్దలు ఆటో మాట్లాడుకుని మరీ వచ్చారు. ముందు వరసలో కూర్చున్నారు, మధ్యలో క్రీస్తుదాసు. ఆట చూడ్డానికి కాదు, నిఘాకి.

మొదటి సెట్టులో నిస్సీ తేజస్వికి ఒక్క బంతీ ఎత్తలేదు. తేజస్వి ప్రతిసారీ పరుగెత్తుకొచ్చి ఎగిరింది, ప్రతిసారీ ఒట్టి చేత్తో దిగింది. జనం ముందు తికమకపడ్డారు, తరవాత ఈలలు వేశారు. "ఏమ్మా లిఫ్టరూ, ఆ పొడుగమ్మాయి బాకీ ఉందా నీకు?" అని ఎవడో అరిచాడు. సెట్టు పోయింది. జ్ఞానయ్య తృప్తిగా తలాడించాడు. తమ పిల్ల ఓడిపోతుంటే తృప్తి!

విరామంలో నిస్సీ తువ్వాల్లో మొహం దాచుకుంది. తేజస్వి పక్కన కూలబడింది.

"మీవాళ్ళు చెప్పింది తెలుసులేవే. మా ఊళ్ళోనూ ఏదో అన్నారు. మా అమ్మ, ముందు మీరు గట్టు కట్టుకు చావండి అని తిట్టి పంపించింది."

"సారీ తేజూ."

"సారీ గీరీ తరవాత. నువ్విచ్చినా ఇవ్వకపోయినా నేను లేస్తూనే ఉంటా. వాళ్ళ బ్లాకు నాతోపాటే లేస్తుంది. రెండో వైపు ఖాళీ. చూసుకో."

రెండో సెట్టు అలాగే గెలిచారు. తేజస్వి ఉత్తినే ఎగురుతుంటే, అడ్డుకునే ఇద్దరూ ఆమెతోనే ఎగిరారు. మిగతా పిల్లలు ఖాళీలోకి కొట్టారు. ముట్టుకోని బంతి కోసం ఆ పిల్ల రొప్పుతూ ఎగురుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. ఆ ముందు వరసవాళ్ళకి ఏమీ కాలేదు.

మూడో సెట్టు చివరికొచ్చేసరికి అవతలి జట్టుకి విషయం అర్థమైపోయింది. తేజస్విని వదిలేసి, మిగతావాళ్ళ ముందు గోడలా నిలబడ్డారు. ఇంక ఒక్క పాయింటు వస్తే గెలుపు మనదే. బంతి నిస్సీ తల మీదికొచ్చింది. ఆమె ఒక్క క్షణం తండ్రి వైపు చూసింది. తేజస్వి వైపు చూడనే లేదు. బంతి వెనక్కి వెళ్ళింది.

ఆ దెబ్బకి అడ్డెవరూ లేరు.

జనమంతా లేచారు. క్రీస్తుదాసు కూడా లేచి చప్పట్లు కొట్టాడు. "దాసూ, కూర్చో" అన్నాడు జ్ఞానయ్య. ఆయన కూర్చోలేదు.

ఆ తరవాత వచ్చిన పట్టుబడికి క్రీస్తుదాసుని వల దగ్గరికి రానివ్వలేదు. తాను కూడా మేత మోసి పెంచిన చేపల్ని గట్టు మీద నిలబడి చూశాడు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పందిట్లో నిస్సీని నిలబెట్టారు.

"మీ నాన్న మాకు పరాయివాడా?" అన్నాడు జ్ఞానయ్య మెత్తగా. "తప్పయిందని ఒక్క మాట అను. రేపట్నించి వల లాగుతాడు."

నిస్సీ తండ్రి వైపు చూసింది. ఆయన నేలచూపులు చూడలేదు, ఈమె కళ్ళలోకే చూశాడు.

"తప్పు చేశానండీ" అంది. జ్ఞానయ్య మొహం విచ్చుకుంది. "మొదటి సెట్టంతా తేజస్వి ఎగురుతూనే ఉంది. బంతి నా చేతుల్లో ఉండి కూడా ఇవ్వలేదు. తప్పేనండీ అది."

"నేనడిగింది అది కాదే!"

"నేను చేసింది అదొక్కటేనండీ" అని, వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది.

క్రీస్తుదాసు ఇప్పుడు భీమడోలు వైపు పరాయి చెరువుల్లో కూలికి వల లాగుతున్నాడు. గట్టు ఇంకా తెగే ఉంది, చేపలు అటూ ఇటూ పోతూనే ఉన్నాయి. నిస్సీకి యూనివర్సిటీ జట్టులో చోటొచ్చింది, తేజస్వికీ వచ్చింది. ఆ వార్త పేపర్లో పడింది, తేజస్వి ఫొటోతో. తుంగలంక పేరున మాత్రం బస్టాండు దగ్గర ఒక ఫ్లెక్సీ కట్టారు: "మా ఊరి ముద్దుబిడ్డ" అని. కింద జ్ఞానయ్య బొమ్మ, నిస్సీ బొమ్మ కంటే పెద్దది.