బయ్యప్ప చుట్టుదారి

చిక్కబళ్ళాపురంలో ఒక కల్యాణ మంటపం ముందు బయ్యప్ప అంబాసిడర్ కారు ఆగీ ఆగకముందే కావలివాడు పరుగెత్తుకొచ్చాడు. "ఇది ఇక్కడొద్దు పెద్దాయనా, ఎనకాల ఎంగిలాకులు పడేసే తావులో పెట్టుకోపో" అన్నాడు. పెండ్లేమో బయ్యప్ప సొంత తమ్ముడి కూతురిది. నిగనిగలాడే కార్లకు ముందు వరస, వాటి యజమానులకు సలాములు. బయ్యప్ప వెనక్కి వెళ్ళి, ఆకులు నాకుతున్న ఆవుల మధ్య కారు నిలబెట్టి, "మేత దగ్గరే లే నీకు" అని దాని నెత్తి మీద తట్టి వచ్చాడు.

బయ్యప్పకున్న పిచ్చి ఒక్కటే. నేరుగా పోయే దారిలో పోడు. చిక్కబళ్ళాపురం నుంచి సొంతూరు బాగేపల్లికి అద్దంలాంటి హైవే ఉండగా, పేరేసంద్ర దగ్గర దిగిపోయి, మిట్టేమరి మీదుగా ఊరూరూ పలకరించుకుంటూ వస్తాడు. పొద్దున బయలుదేరితే సాయంత్రం దీపాలు పెట్టే వేళకు చేరితే చేరినట్టు. చలికాలమైతే కారు బంపరుకు ఎండు తీగలు గడ్డంలా వేలాడుతుంటాయి.

"ఏమప్పా, కారు మేసుకుంటా వచ్చినట్లుండాదే?" అంటాడు టీ అంగడి ఆంజనప్ప.

"ఉత్త పెట్రోలు తాగి ఎట్ల బతుకుతాదప్పా, కడుపుకేమన్నా పడల్ల కదా" అంటాడు బయ్యప్ప.

కొత్త కార్లంటే ఆయనకు గిట్టదు. చింతామణిలో ఉండే అల్లుడు పురుషోత్తమ్ కొత్త కారు కొని మామను ఎక్కించుకున్నాడు. బెల్టు పెట్టుకోలేదని కారు కుయ్ మంది.

"ఇదేందప్పా, మీ అత్త మాదిరి కసురుకుంటాండాది!"

అంతలో ఫోనులోంచి ఒక ఆడగొంతు, ఎడమకు తిరగమంది.

"ఈ పాపది ఏ ఊరు?"

"ఊరేమి మామా, అది మ్యాపు."

"ఊరూ పేరూ లేని పాప నాకు దారి చెప్పేదా? మిట్టేమరిలో ఎవరింటికన్నా పోయిందేమో అడుగు."

ఇలాంటివి విని విని పురుషోత్తమ్‌కు ఒకరోజు ఓపిక అయిపోయింది. "మామా, తుక్కు కొనేవాడు రేపొస్తాడు. అంబాసిడర్ ఇచ్చేద్దాం" అన్నాడు.

బయ్యప్ప చాలాసేపు తువ్వాలు మడతపెట్టాడు. మళ్ళీ విప్పాడు. "సరేలే. నీ కార్లో ఒక తూరి మిట్టేమరికి పిలుచుకోని పో. చెప్పేసి రావల్ల."

"ఎవరికి?"

"రోడ్డుకి."

మిట్టేమరి ఇంకాస్త దూరం ఉందనగా పురుషోత్తమ్ బ్రేకు తొక్కాడు. కారు తనకున్న అరుపులన్నీ అరిచింది. రోడ్డుకు అడ్డంగా ఎండిన ఉలవ తీగలు పరిచి ఉన్నాయి. అంచున ఆ పంట పండించిన మునివెంకటమ్మ, చేతిలో కట్టె, ఆమె కళ్ళు ఆకాశం మీద. నల్లటి మబ్బు.

బయ్యప్పను చూసి ఆమె ఉరికొచ్చింది. "అన్నా! నీ కారు యాడ? మొగులు చూడు ఎట్లుండాదో! పొద్దుటి నుంచి వచ్చినోళ్ళందరూ తిట్టి పక్కన పోతాండారు, ఒక్కరూ తొక్కించరు!"

"వీళ్ళకు మీరు తొక్కించేదా మామా?"

జవాబు మునివెంకటమ్మే చెప్పింది. "మా ఆయన పోయినంక ఎద్దులు లేవు, ట్రాక్టరు లేదు, సామీ. ఈ అన్నే కారు తెచ్చి ముందుకు పోతాడు, ఎనక్కి వస్తాడు, కాయంతా పగిలేదాకా దిగడు. దిగినా కారు కింద పండుకోని చూస్తాడు, తీగలు అంటుకుంటాయని. ఇంక మూడు ఊర్లోళ్ళు ఈయన కోసమే కాచుకోనుండారు."

పురుషోత్తమ్ తన కారుతోనే తొక్కిద్దామని గేరు వేయబోయాడు. బయ్యప్ప చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దప్పా. దీని కడుపు నేలకానుకోనుండాది. తీగ చుట్టుకుంటే మంట లేస్తాది."

"మరి ఇప్పుడెట్ల?"

"ఎట్లేముంది? పోయి ఆ తుక్కును తీసుకరా!"

అల్లుడు బాగేపల్లికి పోయి అంబాసిడర్ తెచ్చాడు. ముందుకు పొమ్మంటే వెనక్కి, వెనక్కంటే అసలు కదలకుండా, నాలుగడుగులకొకసారి ఆపేస్తూ నడిపాడు. "ఎద్దయినా నీకంటే బాగా తిరుగుతాది!" అని గట్టు మీంచి మామ కేకలు. మునివెంకటమ్మ నవ్వలేక పొట్ట పట్టుకుంది. మూటలు ఇంట్లో పడ్డాకే చినుకు పడింది.

తుక్కువాడికి పురుషోత్తమే ఫోను చేశాడు. "రావద్దప్పా. బండికి పని ఉండాది."

రోడ్డు పంట నూర్చే చోటు కాదు. బైకులు జారి పడతాయి. ఆ సంగతి మునివెంకటమ్మకు మనకంటే బాగా తెలుసు. సొంత కళ్ళం ఉన్నవాళ్ళెవరైనా రోడ్డు మీద పంట పరిచారా చెప్పండి! ఈ చలికాలం ఆ దారిలో హారన్ కొట్టి తిట్టబోయే ముందు ఒక్క పని చేయండి. ఆ ఊరి పంచాయితీకి పోయి, అందరికీ కలిపి ఒక సిమెంటు కళ్ళం కట్టమని గట్టిగా అడగండి. మీ ఊళ్ళోనూ అడగండి. కళ్ళాలు పడిన మరుసటి రోజు నుంచి బయ్యప్ప హైవే ఎక్కుతాడు. ఆయన వెనకాల ఎవరు ఇరుక్కుంటారో, అది వాళ్ళ అదృష్టం.